మెషిన్ ఉండగా స్లైడు దేనికంటావా?

చెన్నై, పెరంబూరు

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం అందింది. బెంగళూరు మారతహళ్లిలో రక్తపరీక్షల ల్యాబు తెరుస్తున్నావన్న కబురు కంటే, చివర్లో తోకలా తగిలించిన ప్రశ్న నాకు ఎక్కువ నచ్చింది. "రక్తకణాలు లెక్కపెట్టే త్రీ పార్ట్ సెల్ కౌంటర్ మెషిన్ కొన్నాను, నిమిషంలో ఇరవై అంకెలు కక్కుతుంది, ఇంకా ఈ స్లైడు మీద రక్తపు పొర (స్మియర్) గీయడం, రంగు పోయడం, కళ్లు చికిలించుకుని చూడటం దేనికిరా?" అన్నావు. ఫోన్లో చెబితే సగం హారన్ల మోతలో పోతుంది. అందుకే రాస్తున్నాను. పొడుగైతే రెండు పూటలుగా చదువుకో.

ముందు ఒక రిపోర్టు ఊహించుకో. ముప్పై ఐదేళ్ల ఆవిడ. హిమోగ్లోబిన్ 8.2, ఎంసీవీ (ఎర్రకణాల సగటు సైజు) 88, ఆర్‌డీడబ్ల్యూ (ఆ సైజుల్లో తేడా) 24. ఎంసీవీ 80 నుంచి 100 దాకా నార్మల్ కాబట్టి, 88 చూడగానే కణాల సైజు బాగానే ఉందనిపిస్తుంది. అదే ట్యూబులోంచి స్లైడు గీసి చూస్తే సగం ఎర్రకణాలు చిన్నవి, నడుమ వెలిసిపోయి ఉంటాయి. మిగతా సగం పెద్దవి, కోడిగుడ్డు ఆకారంలో, నడుమ తెలుపే లేకుండా. వాటి పక్కన న్యూట్రోఫిల్ అనే తెల్లకణం ఒకటి ఆరు ముక్కల కేంద్రకంతో కూర్చుని ఉంటుంది. ఆవిడకి ఇనుమూ లేదు, బి12 కూడా లేదన్నమాట. ఎంసీవీ అంటే సగటు కదా. ఉప్పు లేని పప్పునీ, ఉప్పు కషాయమైన చారునీ కలిపి, సగటున ఉప్పు సరిపోయిందన్నట్టుంది ఆ 88. ఆర్‌డీడబ్ల్యూ 24 అని మెషిన్ సైగ చేసిన మాట నిజమే, మామూలుగా అది 14.5 దాటదు. కానీ దేంట్లో ఏం కలిసిందో అది చెప్పదు. ఇనుము మాత్రలొక్కటే రాస్తే ఆవిడ రక్తం కాస్త పెరిగి అక్కడే ఆగిపోతుంది. ఫోలిక్ యాసిడ్ కలిపి ఇచ్చి బి12 మరిచిపోతే ఇంకా చెరుపు. రక్తం బాగుపడుతున్నట్టే ఉంటుంది, కాళ్ల తిమ్మిర్లు మాత్రం ముదిరిపోతాయి.

అయితే స్లైడు నిజం చెప్పాలంటే గీసే చెయ్యి బాగుండాలి. చాలా ల్యాబుల్లో తప్పంతా ఇక్కడే, మైక్రోస్కోపు దాకా పోనే పోదు.

పర్పుల్ మూత ట్యూబులో గీత వరకూ, అంటే 2 మిల్లీలీటర్లు రక్తం పడాలి. పడగానే ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చెయ్యాలి, కుదపకూడదు. పసిపిల్లల దగ్గర అర మిల్లీ తీసి పెద్దవాళ్ల ట్యూబులో పోస్తారు చూడు, అప్పుడు రక్తం గడ్డకట్టకుండా ట్యూబులో ఉండే ఈడీటీఏ మోతాదు మించి ఎర్రకణాలు ముడుచుకుపోయి, అంచుల చుట్టూ పల్లేరుకాయల్లా ముళ్లు లేస్తాయి. పిల్లల ట్యూబులు వేరే కొను, ఖర్చని చూసుకోకు. రక్తం ఎక్కువసేపు నిలవున్నా అవే ముళ్లు. కలెక్షన్ సెంటర్లో పొద్దున ఏడింటికి తీసిన ట్యూబు మీ ఊరి ట్రాఫిక్ దాటుకుని మధ్యాహ్నం రెండింటికి చేరితే, ఆ ముళ్లు చూసి కిడ్నీ జబ్బేమోనని రాసేస్తావు. రెండు మూడు గంటల్లో గీసెయ్యాలి. కుదరకపోతే అక్కడే స్లైడు గీయించి, ట్యూబుతో పాటు పంపమను.

స్లైడు కొసకి సెంటీమీటరు ఇవతల 2, 3 మిల్లీమీటర్ల చుక్క, అగ్గిపుల్ల తలంత. అంతకంటే పెద్దదైతే పొర చివర పలచటి తోక రాదు, స్లైడు కొస దాటి పోతుంది. అంచు నున్నగా ఉన్న స్ప్రెడర్ని (రక్తం పరిచే గాజుపలకని) 30 నుంచి 45 డిగ్రీల వాలుతో చుక్కకి వెనక్కి ఆనించి, రక్తం అంచు పొడుగునా పాకనిచ్చి, ఒకే ఊపులో ముందుకు లాగాలి. నొక్కకూడదు, మధ్యలో తడబడకూడదు. తడబడితే అడ్డగీతలు, చేతి జిడ్డు తగిలిన స్లైడైతే కన్నాలు. నువ్వు చూడబోయేది రక్తహీనత కేసులు కాబట్టి ఇది గుర్తుంచుకో: రక్తం పలచబడ్డ కొద్దీ అది జారిపోతుంది, పొర మరీ సన్నమవుతుంది. అప్పుడు స్ప్రెడర్ని ఇంకాస్త నిటారుగా పట్టుకో. చిక్కటి రక్తమైతే దీనికి తిరగేసి, వాలు తగ్గించాలి. చివరికి మూడు సెంటీమీటర్ల పొర, నాలుక ఆకారంలో, కొసకి పోయే కొద్దీ పలచబడుతూ ఉండాలి. పేరూ నంబరూ పెన్సిల్‌తో రాయి. పెన్ను సిరా రంగులో ఉండే మెథనాల్ అనే స్పిరిట్లో కరిగి పోతుంది, ఆ తర్వాత ఎవరి స్లైడు ఎవరిదో ఆ పెరుమాళ్లకే ఎరుక.

ఆరబెట్టడంలో నీకు నాకంటే సుఖం. ఇక్కడ అక్టోబరు, నవంబరు వానల్లో స్లైడు ఆరదు, టేబుల్ ఫ్యాను ముందు పెట్టాల్సిందే. నెమ్మదిగా ఆరితే కణాల నడుమ మెరిసే బుడగలూ, చిమ్మటలు కొరికినట్టు చిల్లులూ వస్తాయి. ఫైన్ ఫోకస్ తిప్పితే అవి అద్దంపెంకులా తళుక్కుమంటాయి, అదే వాటి గుర్తు. మెథనాల్లో నీళ్లు చేరినా ఇదే గతి. మూత తీసి పెట్టిన సీసా గాలిలో తేమని పీల్చుకుంటూనే ఉంటుంది. చిన్న సీసాల్లో కొను, పోసుకున్న వెంటనే మూత బిగించు.

కణాలు కనిపించడానికి పోసే లీష్మన్ రంగు సంగతి నీకు తెలిసిందే, కానీ కారణాలతో చెబుతాను. రంగు పొడి మెథనాల్లోనే కలిసి ఉంటుంది కాబట్టి మొదటి రెండు నిమిషాలు నీళ్లు కలపకుండా ఉంచితే కణాలు స్లైడుకి అతుక్కుంటాయి. ఆ తర్వాత దానికి రెట్టింపు బఫర్ (ఆమ్లం, క్షారం పాళ్లు మారకుండా ఉంచే నీళ్లు), పీహెచ్ 6.8, ఏడు నుంచి పది నిమిషాలు. రంగు పట్టేది ఈ రెండో విడతలోనే. బఫర్ బదులు బోరునీళ్లు పోశావా, నీళ్లలో క్షారం వల్ల ఎర్రకణాలన్నీ నీలంగా తేలతాయి. కొత్త కణాలు ఎన్ని పుట్టుకొస్తున్నాయో ఆ నీలం ఛాయని బట్టే గదా చూడాల్సింది! అన్నీ నీలమైతే ఇంకేం కనిపెడతావు? కడిగేటప్పుడు స్లైడు వంచి రంగు పారబోయకు. పైన తేలే లోహపు తెట్టు కణాల మీద కూర్చుంటుంది. బల్లపరుపుగా ఉంచి పైనుంచి నీళ్లు పోస్తే తెట్టు తేలిపోతుంది.

ఇక ఎక్కడ చూడాలి? ఎర్రకణాలు ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు పరుచుకున్న చోటే చూడాలి. తోక కొసకి పోతే ఆరోగ్యవంతుడి కణాలు కూడా నడుమ తెలుపు పోయి స్ఫెరోసైట్లనే బంతి కణాల్లా కనిపిస్తాయి. తల వైపు మందంలో అందరి కణాలూ నాణేలు పేర్చినట్టే ఉంటాయి. సైజుకి కొలబద్ద కావాలంటే చిన్న లింఫోసైటు అనే తెల్లకణం కేంద్రకం ఉంది కదా, మామూలు ఎర్రకణం దాదాపు అంతే ఉంటుంది. నడుమ తెలుపు మూడోవంతు.

ఇప్పుడు అసలు విషయం. మన దగ్గర చిన్న కణాల రక్తహీనత అనగానే చేయి ఇనుము మాత్రల వైపే పోతుంది. తప్పు పట్టలేం, 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత తేలింది, అందులో ఇనుము లోపానిది పెద్ద వాటా. స్లైడులో అది ఎలా ఉంటుందంటే, కణం చిన్నది, తెలుపు పెరిగి పెరిగి చివరికి ఉంగరంలా అంచు ఒక్కటే మిగులుతుంది. మధ్యమధ్య సన్నగా పొడుగ్గా పెన్సిల్ కణాలు. ఒకటి చిన్న, ఒకటి మరీ చిన్న. ప్లేట్‌లెట్లు చాలాసార్లు ఎక్కువుంటాయి. థలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బు జన్యువు ఒకటే ఉండే ట్రెయిట్‌లోనూ కణాలు చిన్నవే, కానీ చాలావరకు ఒకే తీరు చిన్నవి, పైగా లెక్కకి ఎక్కువ. టార్గెట్ కణాలు కనిపిస్తాయి, గారె చిల్లులో ఒక బూంది గింజ పెట్టినట్టుంటుంది చూడటానికి. కొన్ని కణాల్లో నీలి చుక్కలు. ఇక్కడ మెషిన్‌నీ వాడుకో: ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో, అంటే మిలియన్లలో ఉండే అంకెతో భాగించు. ఎంసీవీ 64, కణాలు 5.8 అయితే 11 వస్తుంది. 13 కంటే తక్కువ కాబట్టి ట్రెయిట్ వైపు మొగ్గు. ఎంసీవీ 70, కణాలు 3.9 అయితే 18, ఇనుము వైపు. ఇది సూచన మాత్రమే, తీర్పు హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి కొలిచే పరీక్ష హెచ్‌పీఎల్‌సీలో హిమోగ్లోబిన్ ఏ2 ఇస్తుంది, 3.5 శాతం దాటితే ట్రెయిట్. ఇనుము లోపం తోడైతే ఆ ఏ2 కూడా కిందికి దిగి మోసం చేయగలదు, కాబట్టి ఇనుము సరిచేసి మళ్లీ చూడాలి. గర్భిణి విషయంలో దీన్ని తేలిగ్గా తీసుకోకు. మొగుడికీ ట్రెయిట్ ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకి దాని తీవ్ర రూపమైన థలసీమియా మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.

పెద్ద కణాల సంగతి పైన కొంత చెప్పేశాను. కోడిగుడ్డు ఆకారపు పెద్ద కణాలూ, ఐదు ముక్కలకి మించిన న్యూట్రోఫిళ్లూ కలిసి కనిపిస్తే బి12 గానీ ఫోలేట్ గానీ. పెద్ద కణాలు గుండ్రంగా ఉండి న్యూట్రోఫిళ్లు మామూలుగా ఉంటే లివరు, మద్యం, థైరాయిడ్ వైపు చూడు. ఫోలేట్ కథ మన దేశంలోనే మొదలైంది తెలుసా? లూసీ విల్స్ అనే ఆవిడ బొంబాయిలో గర్భిణుల పెద్ద కణాల రక్తహీనతని పరిశీలించి, ఈస్ట్ సారంతో అది నయమవుతుందని 1931లో ప్రచురించింది. ఫోలిక్ యాసిడ్ అనే పేరు అప్పటికి పుట్టనే లేదు.

కణాలు పగిలిపోయే రక్తహీనతలో స్లైడుకి సాటి లేదు. నడుమ తెలుపు లేని చిన్న గుండ్రటి స్ఫెరోసైట్లుంటే, కణంలో హిమోగ్లోబిన్ చిక్కదనం చెప్పే ఎంసీహెచ్‌సీ 36 దాటి ఉందేమో చూడు, కణాల మీద యాంటీబాడీలున్నాయేమో చూసే కూంబ్స్ పరీక్ష అడగమని డాక్టరుకి చెప్పు. ఎవరో పంటితో కొరికినట్టున్న కణాలు ఎర్రకణాల్ని కాపాడే జీ6పీడీ ఎంజైము లోపంలో వస్తాయి, ఏదైనా కొత్త మందు మింగారా అని అడగాలి. కొడవలి (సికిల్) కణాలు కనిపిస్తే సరే, కానీ సికిల్ ట్రెయిట్ వాళ్ల స్లైడు మామూలుగానే ఉంటుంది. స్లైడు బాగుందని సికిల్ లేదని మాత్రం రాయకు. మన దేశంలో దాన్ని మొదట గుర్తించింది కూడా ఇక్కడే దగ్గర్లో, నీలగిరి గిరిజనుల్లో, 1952లో.

అన్నిటికంటే గుర్తుంచుకోవాల్సింది ముక్కలైన కణాలు. హెల్మెట్‌లా, త్రిభుజంలా, రెండు కొమ్ములతో ఉంటాయి. వెయ్యి ఎర్రకణాలు లెక్కపెట్టు. పది, అంటే ఒక శాతం, దాటి, ప్లేట్‌లెట్లు కూడా పడిపోయి ఉంటే రిపోర్టు టైపు చేస్తూ కూర్చోకు, ముందు డాక్టరుకి ఫోను కొట్టు. చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టే టీటీపీ లాంటిదైతే గంటలు కూడా లెక్కే. లుకేమియాలో వచ్చే పండని కణాలు, అంటే బ్లాస్టులు, కనిపించినా అంతే.

మెషిన్ చేసే తప్పుల్ని పట్టేది కూడా స్లైడే. నీ త్రీ పార్ట్ మెషిన్ కేంద్రకం ఉన్న ఎర్రకణాల్ని తెల్లకణాల్లో కలిపి లెక్కేస్తుంది. తెల్లకణాలు 18,000 అని చూపించి, స్లైడులో నూరు తెల్లకణాలకి 50 అలాంటివి కనిపిస్తే, అసలు లెక్క 18,000ని నూటితో గుణించి 150తో భాగించు: 12,000. డిసెంబరు పొద్దుటి చలికి మీ ఊళ్లో ఇంకో తమాషా జరగొచ్చు. హిమోగ్లోబిన్ 9 ఉండి, కణాలు 1.6 మిలియన్లే, ఎంసీహెచ్‌సీ 45! అలాంటి కణం ఉండదు. స్లైడులో కణాలు ద్రాక్షగుత్తుల్లా అతుక్కుని ఉంటే అది చలికి గుంపుకట్టే యాంటీబాడీ పని. ట్యూబుని 37 డిగ్రీల దగ్గర అరగంట వెచ్చబెట్టి, చల్లారకముందే మళ్లీ నడుపు.

స్లైడుకి చేతకానివీ చెప్పాలి. ఇనుము నిల్వలు తరిగే మొదటి దశలో కణాలు మామూలుగానే ఉంటాయి, అక్కడ ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష చూడాల్సిందే. ఇనుము ఎందుకు తగ్గిందో, ఎక్కడ కారిపోతోందో స్లైడు ఎన్నటికీ చెప్పదు. రక్తం ఎక్కించుకున్న మనిషిలో రెండు రకాల కణాలు కనిపిస్తే అందులో ఒక రకం దాతవి కావచ్చు. అందుకే స్లిప్పు మీద రెండు ముక్కలు రాయించుకో: రక్తం ఎక్కించారా, ఇనుము మాత్రలు ఎన్నాళ్లుగా. ఇది లేక చాలామంది "డైమార్ఫిక్" అని, అంటే రెండు రకాల కణాలని, రాసి చేతులు దులుపుకుంటారు, ఆ మాట నాకు కంపరం. చిన్న కణాలూ పెద్ద కణాలూ ఉంటే ఆ మాటలే రాయి, వాటితో ఏం చేయాలో ఒక వాక్యం కలుపు. అంతకంటే ఘోరం, చూడకుండా "నార్మోసైటిక్ నార్మోక్రోమిక్" (సైజూ రంగూ మామూలే) అని పాత రిపోర్టులోంచి అతికించడం.

అన్ని ట్యూబులకీ స్లైడు గీయక్కర్లేదు, అంత ఓపిక ఎవరికుంది? హిమోగ్లోబిన్ 10 కంటే తక్కువ, ఎంసీవీ 75 కిందకి గానీ 105 పైకి గానీ, ప్లేట్‌లెట్లు లక్ష కంటే తక్కువ, ఎంసీహెచ్‌సీ 36.5 దాటడం, మెషిన్ అనుమానమని జెండా ఎగరేయడం, వీటికి గీస్తే చాలు. అంకెల్ని నీ రద్దీని బట్టి కాస్త సవరించుకో.

నువ్వు గీసే మొదటి ఇరవై స్లైడ్లు పారేయకు, చెడ్డవి ముఖ్యంగా. పెట్టెలో సర్ది సంక్రాంతికి తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం. వదినకి నమస్కారాలు చెప్పు. బఫర్ మాత్రలు అక్కడ దొరక్కపోతే రాయి, ఇక్కడి నుంచి పంపిస్తాను.

నీ,
మూర్తి