ఇకపై పాత సైకిల్‌కు ఒకే సంవత్సరం రాసివ్వం

మా దగ్గర పాత సైకిళ్లు కొనేవాళ్లకు, బాగుచేయించుకునేవాళ్లకు ఒక మాట. ఇకనుంచి బిల్లు మీద "ఫలానా సంవత్సరం మోడల్" అని తేల్చి రాయం. ఏ ఏడాదికీ ఏ ఏడాదికీ మధ్య తయారై ఉంటుందో రాసి, అలా ఎందుకనుకున్నామో కూడా రాస్తాం. పాతదయ్యేకొద్దీ రేటు పెరిగే సరుకు ఇది. ఆధారం లేని ఏడాదికి మీ చేత డబ్బు కట్టించడం మాకు ఇష్టం లేదు.

చాలామంది ఫ్రేమ్ మీది సీరియల్ నంబర్ ఫొటో పంపి వయసు చెప్పమంటారు. అదొక్కటే చాలదు. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి.

మేం ముందు చూసేది వెనక చక్రం హబ్, అంటే చక్రం మధ్యలో ఇరుసు చుట్టూ తిరిగే భాగం. అది ఇంగ్లండ్ కంపెనీ స్టర్మీ-ఆర్చర్ వాళ్ల మూడు గేర్ల హబ్ అయితే సగం పని అయిపోయినట్టే. జిడ్డు తుడవగానే ఏడబ్ల్యూ (AW) అన్న మోడల్ అక్షరాలు, దగ్గర్లోనే 62, 4 లాంటి అంకెలు బయటపడతాయి. అంటే 1962 ఏప్రిల్‌లో చేసిన హబ్. ఆ అంకెలు కనబడితే ఇప్పటికీ నాకు పట్టరాని సంతోషం. కాకపోతే అది హబ్ తేదీ, సైకిల్‌ది కాదు. మధ్యలో ఎవరైనా చక్రమే మార్చి ఉండొచ్చు. అందుకే ముందు, వెనక రిమ్‌లు ఒకే రకమేనా, తుప్పు రెండింటికీ ఒకేలా పట్టిందా అని చూస్తాం.

జపాన్ కంపెనీ షిమానో చేసిన పాత గేర్లు, బ్రేకుల్లాంటి భాగాల మీద రెండు ఇంగ్లిష్ అక్షరాలుంటాయి. మొదటిది సంవత్సరం, రెండోది నెల. 'ఏ' అంటే 1976. అక్షరాలు 26 కాబట్టి 2002కీ మళ్లీ 'ఏ'నే వచ్చింది. అప్పుడు భాగం తీరు చూసి తేల్చుకోవాలి.

రేనాల్డ్స్ 531 అనే ఉక్కు గొట్టాలతో చేసిన ఫ్రేమ్ అని చెప్పే స్టిక్కర్ ఉంటే ఫ్రేమ్ 1935కు ముందుది కాదు. అయితే స్టిక్కర్లు కొత్తవి కూడా దొరుకుతాయి, దాన్నొక్కదాన్నే నమ్మం. మొదటినుంచీ ఉన్న భాగాల్లో అన్నిటికన్నా కొత్తది ఏదో పట్టుకుంటాం. సైకిల్ దానికన్నా ముందు తయారై ఉండదు కదా.

దయచేసి పెయింట్ గీకించకముందే మాకు చూపించండి. గీకాక నంబర్లు అరిగిపోతాయి, పాత రంగు పొరలూ పోతాయి. ఇదివరకు మా దగ్గర కొన్నవాళ్లు సైకిల్ తెస్తే కొత్త పద్ధతిలో కాగితం ఉచితంగా రాసిస్తాం.