ఇన్‌స్టాలర్‌లో నెట్‌వర్క్ అమరిక: ఏది ఉండాలి, ఏది తర్వాతకు వదలాలి

సంపాదకులకు నమస్కారం.

ఆపరేటింగ్ సిస్టమ్‌ల ఇన్‌స్టాలర్లు సామాన్యులకు అర్థం కాని ప్రశ్నలు వేస్తున్నాయని, ముఖ్యంగా నెట్‌వర్క్‌కు సంబంధించిన తెరలన్నింటినీ తొలగించి ఆ పనిని సిస్టమ్ ఎక్కిన తర్వాతకు వాయిదా వేయాలని సూచిస్తూ మీ సాంకేతిక పుటలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ప్రశ్నలు తగ్గాలన్న కోరికతో నాకు పేచీ లేదు. అయితే ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చడానికి వ్యాసకర్త ఎంచుకున్న కొలబద్ద, అంటే ఒక్కో సదుపాయాన్ని ఎంతమంది వాడుతున్నారన్న లెక్క, ఈ విషయానికి సరిపోదని నా అభిప్రాయం. సర్వర్లను ఏర్పాటు చేయడమే వృత్తిగా ఉన్నవాడిగా నేను వేరొక కొలబద్దను ప్రతిపాదిస్తున్నాను. ఫలానా సదుపాయం ఇన్‌స్టాలర్‌లో లేకపోతే ఇన్‌స్టాలేషన్ పూర్తవుతుందా? పూర్తయితే, మొదటిసారి బూట్ అయిన ఆ యంత్రంలోనే, మరో యంత్రం సాయం లేకుండా, వినియోగదారు దాన్ని సమకూర్చుకోగలడా? రెండింటికీ అవుననే జవాబు వస్తే దాన్ని లక్షలమంది వాడుతున్నా ఇన్‌స్టాలర్‌లో పెట్టనక్కర లేదు. ఏ ఒక్కదానికి కాదని వచ్చినా, దాని అవసరం ఏ కొద్దిమందికో పడేదైనా, అది ఉండి తీరాలి.

ఇళ్లలోను, చిన్న కార్యాలయాలలోను ఉండే యంత్రాలలో కేబుల్ పెట్టినవాటికి ఇన్‌స్టాలర్ నెట్‌వర్క్ గురించి సాధారణంగా ఏమీ అడగనక్కర లేదు; వైఫై అయితే నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్ అడిగితే చాలు. 1997లో ఇప్పటి రూపంలో ప్రమాణంగా వెలువడిన డీహెచ్‌సీపీ (యంత్రాలకు చిరునామాలు పంచే పద్ధతి) ద్వారా ఐపీ చిరునామా, సబ్‌నెట్ మాస్క్ (చిరునామాలో నెట్‌వర్క్ భాగం ఎంతో చెప్పేది), గేట్‌వే (బయటికి దారి చూపే యంత్రం), డీఎన్‌ఎస్ (పేర్లను చిరునామాలుగా మార్చే) సర్వర్ల వివరాలు వాటంతట అవే అందుతాయి. కొత్త తరం చిరునామా పద్ధతి ఐపీవీ6లో అయితే రౌటర్ ప్రకటనలను విని యంత్రం తన చిరునామాను తానే కూర్చుకోగలదు. ఈ దారి సాఫీగా సాగినంతవరకు ఎవరికీ వివాదం లేదు. సాగనప్పుడు ఇన్‌స్టాలర్ ఎలా ప్రవర్తించాలన్న దగ్గరే మాట పట్టింపులు మొదలవుతాయి.

ఇందుకు డెబియన్ అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టాలర్ చూపే ఒక తెరను ఉదాహరణగా తీసుకుంటాను. డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాకపోతే అది వినియోగదారు ముందు నాలుగు దారులు పెడుతుంది: మళ్లీ ప్రయత్నించడం, డీహెచ్‌సీపీ సర్వర్‌కు హోస్ట్‌నేమ్ (యంత్రం పేరు) పంపి మళ్లీ ప్రయత్నించడం, వివరాలను స్వయంగా నింపడం, ప్రస్తుతానికి నెట్‌వర్క్ జోలికి పోకుండా ముందుకు సాగడం. కేబుల్ సరిగా కూర్చోనివారికి మొదటి దారి, హోస్ట్‌నేమ్ పంపితే గాని పలకని నెట్‌వర్క్‌లో ఉన్నవారికి రెండోది, అసలు డీహెచ్‌సీపీయే లేని చోట ఉన్నవారికి మూడోది, నెట్‌వర్కే లేనివారికి నాలుగోది. హంగులేమీ లేని తెరే గాని, దీని వెనుక ఎంతో ఆలోచన ఉంది. అన్నీ సవ్యంగా ఉన్నవారికి ఈ ప్రశ్న ఎన్నడూ ఎదురుకాదు. ఎదురైనవారికి చిక్కులోంచి బయటపడే మార్గం అక్కడే దొరుకుతుంది. దీనికి బదులు, డీహెచ్‌సీపీ దొరకనప్పుడు యంత్రం 169.254తో మొదలయ్యే, స్థానిక నెట్‌వర్క్ దాటని చిరునామాను తనకు తానే ఇచ్చుకుని, కనెక్షన్ కుదిరిందని తెర మీద ప్రకటించి, తీరా ప్యాకేజీలు (సాఫ్ట్‌వేర్ మూటలు) దించుకునే దశలో చేతులెత్తేస్తే, ఆ ఇన్‌స్టాలర్ ప్రశ్నను దాచిపెట్టిందే తప్ప తీసేయలేదు.

స్వయంగా వివరాలు నింపే ఆ మూడో దారి గురించి ఇంకొక మాట. చిరునామా, మాస్క్, గేట్‌వే, డీఎన్‌ఎస్ అనే నాలుగు గడులు ఉంటే చాలు. ఆ గడులలో వేసిన విలువలను అతిగా తప్పుపట్టే ఇన్‌స్టాలర్ కూడా ఇబ్బందే. సర్వర్లను అద్దెకిచ్చే కొన్ని చోట్ల 32 బిట్ల మాస్క్‌తో, అంటే సబ్‌నెట్‌లో మరే యంత్రానికీ చోటు లేకుండా, ఒంటరి చిరునామాను ఇస్తారు. గేట్‌వే ఆ సబ్‌నెట్‌కు వెలుపల ఉంటుంది. పుస్తకం ప్రకారం ఇది వింతగా కనబడినా తగిన రూట్ (దారి వివరం) చేర్చితే చక్కగా పనిచేస్తుంది. ఇలాంటి చోట హెచ్చరించి ఊరుకోవాలి గాని అడ్డుపడకూడదు.

నేను ప్రతిపాదించిన కొలబద్దతో చూస్తే అన్నిటికన్నా ముందు నిలిచేది అసలు తెర మీద కనబడనే కనబడదు. అది నెట్‌వర్క్ కార్డు డ్రైవరు, దానికి కావలసిన ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రాము). వైఫై కార్డుకు ఫర్మ్‌వేర్ లేకపోతే నెట్‌వర్క్ లేదు, నెట్‌వర్క్ లేకపోతే ఫర్మ్‌వేర్ దించుకునే వీలు లేదు. చెట్టు ముందా విత్తు ముందా అన్న చందమే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కానిదాన్ని తమ అధికారిక ఇమేజ్‌లలో (ఇన్‌స్టాలేషన్ ఫైళ్లలో) చేర్చకూడదన్న పట్టుదలతో డెబియన్ చాలాకాలం ఫర్మ్‌వేర్‌ను బయటే ఉంచింది. చివరకు 2022లో డెవలపర్ల ఓటింగ్‌తో ఆ నియమాన్ని సడలించి, 2023 జూన్‌లో వెలువడిన 12వ వెర్షన్ నుంచి అధికారిక ఇమేజ్‌లలోనే దాన్ని చేర్చింది. సిద్ధాంతపరంగా ఆ నిర్ణయం మీద భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు గాని, ఇన్‌స్టాలర్‌కు సంబంధించినంతవరకు అది సరైన నిర్ణయమనే నేను భావిస్తాను.

ఇక వ్యాసకర్త ‘నిపుణుల ఆటబొమ్మలు’గా కొట్టిపారేసిన వీల్యాన్ (ఒకే కేబుల్ మీద వేర్వేరు నెట్‌వర్క్‌లను సంఖ్యలతో విడదీయడం), బాండింగ్‌ల సంగతి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం నాకు నచ్చలేదు. డేటా సెంటర్‌లో స్విచ్ పోర్టును ట్రంక్‌గా (అనేక వీల్యాన్‌లు నడిచేలా) పెట్టి, ట్యాగ్ (వీల్యాన్ సంఖ్య) లేని ఫ్రేములను (డేటా మూటలను) అనుమతించకుండా ఉంచడం అరుదైన విషయం కాదు. అలాంటి చోట వీల్యాన్ సంఖ్య చెప్పేదాకా ఆ సర్వర్‌కు బయటి ప్రపంచమే లేదు. డీహెచ్‌సీపీ అభ్యర్థన స్విచ్ దాటదు, ప్యాకేజీలు ఇచ్చే సర్వర్ (మిర్రర్) అందదు, చిన్న ఇమేజ్‌తో మొదలుపెట్టిన ఇన్‌స్టాలేషన్ అక్కడికక్కడే ఆగిపోతుంది. అన్ని ప్యాకేజీలూ ఉన్న పెద్ద ఇమేజ్‌తో ఎలాగో పూర్తిచేసినా, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) తప్ప వేరే దారి లేని యంత్రం మొదటి బూట్ తర్వాత ఎవరికీ దొరకదు. ఇంత నష్టాన్ని తప్పించడానికి కావలసింది 1 నుంచి 4094 వరకు ఏదో ఒక సంఖ్యను వేసే ఒకే ఒక్క గడి. అది కూడా ‘మరిన్ని ఎంపికలు’ అన్న మీట వెనుక ఉంటే సామాన్యుడి కంట పడనే పడదు.

బాండింగ్ అలా కాదు. రెండు కేబుళ్లను కలిపి ఒకే లింకుగా వాడటం వేగానికో, ఒకటి తెగినా మరొకటి నిలబడుతుందన్న భరోసాకో చేసే ఏర్పాటు. చాలా సందర్భాల్లో ఒక్క కేబుల్‌తో ఇన్‌స్టాలేషన్ ముగించి, ఆ తర్వాత తీరికగా రెండోదాన్ని జత చేయవచ్చు. స్విచ్ వైపు ఎల్‌ఏసీపీని (కేబుళ్ల జతను కుదిర్చే ప్రోటోకాల్‌ను) కఠినంగా అమర్చి, జత కుదిరితే తప్ప పోర్టులు పనిచేయకుండా చేసినప్పుడు మాత్రం ఇదీ వీల్యాన్ కోవలోకే వస్తుంది. అందువల్ల సర్వర్ కోసం చేసిన ఇన్‌స్టాలర్‌లో దీన్ని ఉంచి, డెస్క్‌టాప్ కోసం చేసినదానిలో వదిలేయడం సబబు. ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలర్ ఈ రెండు సదుపాయాలనూ ఇస్తోంది. ఫెడోరా అనే లైనక్స్ వాడే అనకొండ ఇన్‌స్టాలర్ మరో అడుగు ముందుకేసి బ్రిడ్జ్‌ను (నెట్‌వర్క్‌లను కలిపే వంతెనను) కూడా చేర్చింది. వర్చువల్ మెషీన్ల కోసం వేసుకునే బ్రిడ్జ్‌ను ఆ మెషీన్లు సృష్టించే రోజున వేసుకోవచ్చు కదా! ఫైర్‌వాల్ సూత్రాలు, వీపీఎన్ కూడా ఇంతే. అవి తర్వాత పెట్టుకునేవి.

1999లో వెలువడిన పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో బ్రాడ్‌బ్యాండ్‌కు కనెక్ట్ అయ్యే పద్ధతి) విషయంలో కాలం మారింది. ఒకప్పుడు మోడెమ్‌ను నేరుగా కంప్యూటర్‌కు తగిలించి, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కంప్యూటర్‌లోనే ఇచ్చేవారు. ఇప్పుడు ఆ పని ఎక్కువగా రౌటరే చేస్తోంది. డెబియన్ దీన్ని పూర్తిగా తీసేయకుండా, బూట్ సమయంలో ఒక పరామితి (ఆదేశ పదం) ఇస్తేనే తెరుచుకునేలా పక్కకు జరిపింది. పాత సదుపాయాలకు ఇంతకన్నా మర్యాదైన విశ్రాంతి ఏముంటుంది?

విశ్వవిద్యాలయాలు, పెద్ద సంస్థలు వాడే ఎంటర్‌ప్రైజ్ వైఫైని మాత్రం ఇన్‌స్టాలర్‌లో చేర్చవద్దనే చెబుతాను. దానికి ప్రామాణీకరణ పద్ధతి, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లతో పాటు సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ కూడా కావాలి. ఆ సర్టిఫికెట్ ఇన్‌స్టాలర్ నడిచే వేళ ఎవరి చేతిలోనూ ఉండదు కాబట్టి వినియోగదారు ‘సరిచూడవద్దు’ అన్న గడికి టిక్ పెట్టేస్తాడు. అక్కడి నుంచి అదే పేరుతో నకిలీ వైఫై నడిపేవాడికి అతని పాస్‌వర్డ్ చిక్కే ప్రమాదం ఉంటుంది. దీనికి నా షరతు ఒక్కటే. ఆ కనెక్షన్‌ను తర్వాత కుదుర్చుకోవడానికి అవసరమైన ప్యాకేజీలు ఇమేజ్‌లోనే ఉండి, అడగకుండానే ఎక్కాలి.

ఈ చర్చలో ఎవరూ అంతగా పట్టించుకోని మరో అంశం ఉంది. ఇన్‌స్టాలర్‌లో చేసిన అమరిక కొత్త సిస్టమ్‌లోకి యథాతథంగా వెళ్లాలి. వైఫై మీదుగానే ప్యాకేజీలన్నీ దించుకుని, రీబూట్ అయ్యాక అదే వైఫైకి కనెక్ట్ కాలేని సిస్టమ్‌ను అప్పగించిన ఇన్‌స్టాలర్లు గతంలో ఉన్నాయి. అమరిక ఫైలు వెళ్లలేదనో, దాన్ని చదివే ప్రోగ్రాము ఎక్కలేదనో కారణాలు చెప్పవచ్చు గాని, ఒకసారి జవాబు తీసుకుని దాన్ని పారేయడం అసలు అడగకపోవడం కన్నా అధ్వానం. ఇంటర్‌ఫేస్ పేర్లతోనూ, అంటే సిస్టమ్ నెట్‌వర్క్ కార్డుకు పెట్టే పేర్లతోనూ, ఇదే చిక్కు. 2013లో వచ్చిన సిస్టమ్‌డీ (లైనక్స్ సేవలను నడిపే ప్రోగ్రాము) 197వ వెర్షన్ నుంచి పేర్లు కార్డు ఉన్న స్థానాన్ని బట్టి ఏర్పడుతున్నాయి. ఇన్‌స్టాలర్ వాడే పద్ధతి ఒకటి, ఎక్కిన సిస్టమ్ వాడే పద్ధతి మరొకటి అయితే అమరిక ఒక పేరు మీద, కార్డు మరో పేరు మీద మిగిలిపోతాయి.

ఇలాంటి అవసరాలున్న నిపుణులు ఎలాగూ జవాబుల ఫైలుతో స్వయంచాలకంగా ఇన్‌స్టాల్ చేసుకుంటారని, కాబట్టి తెర మీద ఏమీ అక్కర లేదని వ్యాసకర్త వాదించారు. కిక్‌స్టార్ట్, ప్రీసీడ్ వంటి పద్ధతులు నేను నిత్యం వాడేవే. అయితే ఆ ఫైలు తరచుగా నెట్‌వర్క్ మీద నుంచే రావాలి. డెబియన్‌లో అలా తెచ్చుకున్న ప్రీసీడ్ ఫైలులో నెట్‌వర్క్ జవాబులు రాసినా ఉపయోగం ఉండదు, ఎందుకంటే ఫైలు చేతికొచ్చేసరికే ఆ ఘట్టం ముగిసిపోయి ఉంటుంది. ఆ వివరాలను బూట్ పరామితులుగానే ఇవ్వాలి. అంటే వీల్యాన్ గడి తెర మీద లేకపోయినా దాన్ని అర్థం చేసుకునే కోడ్ ఇన్‌స్టాలర్ లోపల ఉండక తప్పదు. కోడ్ ఎలాగూ ఉన్నప్పుడు ఒక గడి చేర్చడానికి అయ్యే ఖర్చు, అంటే అనువాదం, పరీక్ష, సహాయ వాక్యం, భరించలేనంత ఏమీ కాదు.

నెట్‌వర్క్ లేకుండా ముందుకు సాగే హక్కును కూడా ఇదే పట్టుదలతో కాపాడాలి. 2021 అక్టోబరులో విండోస్ 11 విడుదలైనప్పుడు హోమ్ ఎడిషన్ ప్రారంభ అమరికకు ఇంటర్నెట్‌ను, మైక్రోసాఫ్ట్ ఖాతాను తప్పనిసరి చేశారు. మరుసటి సంవత్సరం వ్యక్తిగత వాడకానికి తీసుకునే ప్రో ఎడిషన్‌కూ దీన్ని వర్తింపజేశారు. ఇక్కడ నెట్‌వర్క్ తెర ఉండటానికి కారణం వినియోగదారు అవసరం అనిపించదు. కార్డుకు డ్రైవరు లేని కొత్త ల్యాప్‌టాప్ యజమాని ఆ తెర దగ్గరే చిక్కుకుపోతాడు. డెబియన్ చూపే నాలుగో దారి విలువ ఇలాంటప్పుడే తెలిసివస్తుంది.

ఇన్ని చేర్చమని చెప్పినవాడిగా, తీసేయదగినదాన్ని కూడా చెప్పాలి. హోస్ట్‌నేమ్ అడగడం అవసరమే, ఎందుకంటే ఒకే నెట్‌వర్క్‌లో అదే పేరుతో పది యంత్రాలు ఉంటే లాగ్‌లు చదివేవారికి ఏది ఏదో తెలియదు; అయినా ముందే ఒక పేరు నింపి ఉంచితే ఇష్టం లేనివారు దాటిపోతారు. డెబియన్‌లో దాని వెంటనే వచ్చే డొమైన్ పేరు ప్రశ్నకు మాత్రం ఇంటి నెట్‌వర్క్‌లో సరైన జవాబంటూ లేదు, సంస్థలలో ఆ జవాబు డీహెచ్‌సీపీతోనే రావచ్చు, రాకపోయినా తర్వాత ఒక్క ఫైలులో రాసుకోవచ్చు. నా కొలబద్ద ప్రకారం ఆ తెరను రేపే తొలగించవచ్చు.

ఇట్లు,
ఒక సర్వర్ నిర్వాహకుడు