ఆ పాటలో అమ్మాయి

షెఫీల్డ్,
3 ఆగస్టు 2025

చిన్నూ,

ఫోన్లో నువ్వు నన్ను మాట పూర్తి చెయ్యనివ్వవు. అందుకే కాగితం తీశాను. మొన్న హిల్స్‌బరో పార్కులో పల్ప్ బ్యాండు షో అయ్యాక ట్రామ్‌లో వస్తున్నంతసేపూ నువ్వూ నీ స్నేహితులూ ఏ పాట గొప్పది, ఏ కాన్సర్ట్ గొప్పది అని కొట్టుకున్నారు. నేను కిటికీ పక్కన కూర్చుని విన్నాను. మీలో ఒకడు "మీ అమ్మకి బోర్ కొడుతున్నట్టుంది" అన్నాడు. బోర్ కాదు నాన్నా, నోటిదాకా వచ్చిన మాట ఆపుకుంటున్నాను. నీ స్నేహితుల ముందు నీ పరువు తియ్యడం ఎందుకని.

ముందు కాన్సర్ట్ సంగతి తేల్చేద్దాం. నీ ఓటు 1995 గ్లాస్టన్‌బరీ ఫెస్టివల్‌కి. ఆ వీడియో నేనూ చూశాను, నీకంటే ఎక్కువసార్లే చూసుంటాను. స్టోన్ రోజెస్ అనే బ్యాండు రావాల్సిన రోజు అది. వాళ్ళ గిటారిస్టు జాన్ స్క్వైర్ అమెరికాలో సైకిల్ మీంచి పడి కాలర్ బోన్ విరగ్గొట్టుకున్నాడు. ఆ ఖాళీలో పల్ప్‌ని పిలిచారు. 1978లో స్కూల్లో ఉండగా మొదలుపెట్టిన బ్యాండ్, పదిహేడేళ్ళు ఎవరికీ పట్టని బ్యాండ్, జూన్ 24 రాత్రి ఒక్కసారిగా ఇంగ్లండ్ అంతటిదీ అయిపోయింది. వాళ్ళ పాట 'కామన్ పీపుల్' విడుదలై అప్పటికి నెల. చార్టులో రెండో స్థానం దాకా వచ్చి ఆగిపోయింది. మొదటి స్థానంలో ఇద్దరు టీవీ నటులు పాడిన పాత పాట కూర్చుని కదల్లేదు మరి. ఇదంతా కథగా చాలా బాగుంటుంది, కాదనను. కానీ కథ బాగుంటే కాన్సర్ట్ గొప్పదైపోతుందా? ఆ రాత్రి పాట పాడే జార్విస్ గొంతులో బెరుకు వినబడుతుంది. నీకు అదే నచ్చిందంటావు. సరే, అది నీ ఇష్టం.

ఈ జూన్‌లో ప్యాచ్‌వర్క్ అని దొంగపేరు పెట్టుకుని మళ్ళీ అదే స్టేజి ఎక్కారు, సరిగ్గా ముప్ఫై ఏళ్ళకి. చివర్లో పైన విమానాలు బారులు తీరి వెళ్ళాయి. టీవీలో చూస్తూ మీ నాన్న "పెళ్ళి ఊరేగింపులా ఉంది" అన్నారు. ఆయనకి ఇళయరాజా తప్ప ఇంకో సంగీతం లేదని నీకు తెలుసుగా. అయినా ఆ ఒక్క మాట బాగా చెప్పారు.

నా ఓటు 2012 డిసెంబర్ 8కి. ఈ ఊళ్ళోనే, అరీనాలో. నీకప్పుడు పదకొండేళ్ళు, పక్కింటివాళ్ళ దగ్గర వదిలేసి వెళ్ళామని ఏడ్చావు. విడిపోయిన బ్యాండువాళ్ళు ఆ ముందు ఏడాదే మళ్ళీ కలిశారు. ఊరూరూ తిరిగి సొంత ఊరికొచ్చారు. నా ముందు వరుసలో అరవై దాటిన ఇద్దరు ఆడవాళ్ళు శీతాకాలం కోట్లు విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. 'కామన్ పీపుల్' మొదలవగానే ఆ కోట్లు నేలమీద పడేసి లేచారు. మళ్ళీ కూర్చుంటే ఒట్టు. 2023లో అదే అరీనాకి వచ్చినప్పుడు కూడా వెళ్ళాను. వాళ్ళ బేస్ గిటారిస్టు స్టీవ్ మాకీ పోయి నాలుగు నెలలు. 'సంథింగ్ ఛేంజ్‌డ్' వస్తుంటే, అదే ఆ రోజు వేరే చోటికి వెళ్ళుంటే మనం కలిసేవాళ్ళమా అనే పాట, చుట్టూ అందరూ పక్కనున్నవాళ్ళ చెయ్యి పట్టుకున్నారు. నేను మాత్రం నవ్వుకున్నాను. మాది అలా అయ్యే పనేనా? మీ నాన్న పెళ్ళిచూపులకి ఒక రోజు ఆలస్యంగా వచ్చారు, అయినా పెళ్ళి ఆగలేదు.

ఇక పాట. నువ్వు 'దిస్ ఈజ్ హార్డ్‌కోర్' అంటావు. మంచి పాటే, కానీ తల్లీ కొడుకూ పక్కపక్కన కూర్చుని వినే పాట కాదు. ఇంకా దాని గురించి నాచేత మాట్లాడించకు. నీ స్నేహితురాలు 'బేబీస్' అంది, ఆ అమ్మాయికి చెవులున్నాయి. మనసు సంగతి అడిగితే నాకు 'వికర్‌మాన్' ఇష్టం. స్టేషన్ వెనక కాంక్రీటు గట్ల మధ్య పారి, ఊరి కిందకి దూరి మాయమైపోయే నది గురించి ఎనిమిది నిమిషాల పాట. తెనాలిలో కాలవల పక్కన పెరిగినదాన్ని, ఊరి మధ్యలో నీళ్ళుంటే నాకు కాళ్ళు అటే లాగుతాయి. నువ్వు పుట్టిన ఏడాది వచ్చిన ఆల్బమ్‌లోది అది. మరుసటేడాదికి బ్యాండే ఆగిపోయింది.

కానీ గొప్ప పాట ఏదంటే 'కామన్ పీపులే'. అందరూ అదే అంటారని నువ్వు మూతి తిప్పుతావు. అందరూ చెప్పే కారణం కాదు నాది. నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది, విను.

1995 వేసవి. మేం ఈ దేశం వచ్చి ఏడాది కాలేదు. మీ నాన్న జూనియర్ డాక్టర్, హాస్పిటల్ వాళ్ళిచ్చిన రెండు గదుల ఇల్లు, వారానికి మూడు రాత్రులు ఆయన ఇంట్లో ఉండరు. నాకు ఎమ్మెస్సీ ఉంది గానీ దానికి ఇక్కడ ఎవరూ తలుపు తియ్యలేదు. ఒక సూపర్‌మార్కెట్లో టిల్ మీద, అంటే బిల్లులు కొట్టే పనికి చేరాను. డబ్బు అవసరం మరీ అంత లేదు, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక చేరాను. తాతయ్యకి తెలిస్తే ఊరుకోరు, రైసుమిల్లు ఓనరు కూతురు బిల్లులు కొట్టడమేమిటని. అందుకని "ఆఫీసు పని" అని ఉత్తరం రాశాను. పదిహేను రోజులకి జవాబు వచ్చింది: ఇబ్బందిగా ఉంటే చెప్పు, టిక్కెట్టుకి డబ్బు పంపిస్తాను, వచ్చెయ్.

నా పక్క టిల్‌లో ఒక అమ్మాయి ఉండేది, నా ఈడుదే. వాళ్ళ నాన్న స్టీలు ఫ్యాక్టరీలో చేసేవాడు, అది మూతపడ్డాక మళ్ళీ పని దొరకలేదు. నాకు ఈ ఊరి భాష నేర్పింది ఆ పిల్లే. చేపలు క్యాసిల్ మార్కెట్లో కొనుక్కో అని చెప్పిందీ ఆ పిల్లే. పులస దొరకదనుకో, అది వేరే సంగతి. జార్విస్ చిన్నప్పుడు శనివారాలు ఆ మార్కెట్లోనే చేపల కొట్లో పనిచేశాడని కూడా చెప్పింది. మా ఊరివాడు అని ఎంత గర్వమో!

ఆ వేసవంతా రేడియోలో ఆ పాటే. ఒకరోజు షాపు మూసేముందు లెక్క చూసుకుంటుంటే వచ్చింది, ఆ పిల్ల గొంతు కలిపింది. కథ నీకు తెలుసు. గ్రీసు నుంచి వచ్చిన డబ్బున్నవాళ్ళ అమ్మాయి, లండన్‌లో శిల్పం చదువుకుంటూ, మామూలు మనుషుల్లా బతకాలని ఉంది అంటుంది. అతను ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక సూపర్‌మార్కెట్‌కి తీసుకెళ్తాడు. సూపర్‌మార్కెట్ మాట వచ్చేసరికి మా పిల్ల చేతులు చాపి షాపంతా చూపించింది, ఇద్దరం నవ్వాం. ఆ తర్వాత వస్తుంది చూడు, ఎన్ని చేసినా నీకు రాదు, ఎందుకంటే గోడ మీద బొద్దింకలు పాకుతున్నా మీ నాన్నకి ఒక్క ఫోన్ కొడితే అన్నీ ఆగిపోతాయి అని. ఆ పిల్ల నావైపు చూడను కూడా లేదు, చిల్లర లెక్కపెట్టుకుంటూ పాడుతోంది. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. తాతయ్య ఉత్తరం నా బ్యాగులోనే ఉంది.

ఆ రాత్రి కోపం వచ్చింది. నేనేం సరదాకి రాలేదు కదా, ఇక్కడ నల్లమొహం పెట్టుకుని నేను పడేవి ఆ గ్రీకు పిల్ల పడిందా అని మీ నాన్నతో వాదించాను, ఆయనకి ఆ పాటే తెలీదు పాపం! అదీ నిజమే. కానీ బ్యాగులో ఉత్తరం ఉండటమూ నిజమే. ఎనిమిది నెలలు చేసి, కాలేజీ ల్యాబులో ఉద్యోగం దొరగ్గానే మానేశాను. చివరిరోజు కేక్ కోశారు. ఆ పిల్ల అక్కడే ఉండిపోయింది. ఒకటి రెండుసార్లు పలకరించడానికి వెళ్ళాను, తర్వాత వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదంటే చెప్పడానికి నా దగ్గర మంచి కారణం లేదు.

అందుకే అంటున్నాను. గ్లాస్టన్‌బరీలో అన్ని వేలమంది చేతులెత్తి అరుస్తున్నప్పుడు అది జెండా పాటలా ఉంటుంది, మేమంతా మామూలు జనం అని. అది తిట్టే పాట, చిన్నూ. మెల్లగా మొదలై, వేగం పెంచుకుంటూ పెంచుకుంటూ చివరికి పళ్ళు కొరుకుతూ తిడుతుంది. తిట్టించుకునేవాళ్ళే అంత సంతోషంగా గొంతు కలిపే పాట నాకు ఇంకొకటి తెలీదు, దాని గొప్పతనం అక్కడుంది. మొన్న పార్కులో నువ్వు నీ స్నేహితుడి భుజాలెక్కి పాడుతుంటే నాకు నవ్వొచ్చింది. ఫీజు కట్టే స్కూల్లో చదివావు, బ్రిస్టల్‌లో నీ ఫ్లాటు అద్దెలో సగం మీ నాన్న కడుతున్నారు, పోయిన నెల బాయిలర్ పాడైతే ఎవరికి ఫోన్ చేశావు? ఆ పాటలో అమ్మాయివి నువ్వేరా. నేనూ అంతే.

2012లో నా ముందు కోట్లు పడేసి లేచిన ఆ ఇద్దరూ మాత్రం కారు. వాళ్ళు పాడుతుంటే నేను నోరు విప్పలేదు, విన్నాను. నా ఓటు ఆ షోకే ఎందుకో ఇప్పుడు తెలిసిందిగా. కాదంటావా, రాసి పంపు, ఫోన్ చెయ్యకు.

కొత్త ఆల్బమ్ 'మోర్' విన్నాను. ఇరవై నాలుగేళ్ళ తర్వాత చేసినదానిలా లేదు, నిన్న ఆపి ఇవాళ మొదలెట్టినట్టుంది. 'స్పైక్ ఐలండ్' బాగుంది. మిగతావాటికి ఇంకో నాలుగుసార్లు వినాలి.

మీ నాన్నకి షుగరు అదుపులోనే ఉంది. ఆవకాయ జాడీ తీసిపెట్టాను, వచ్చినప్పుడు తీసుకెళ్ళు. అన్నట్టు నువ్వు పట్టుకెళ్ళిన, 'కామన్ పీపుల్' ఉన్న 'డిఫరెంట్ క్లాస్' సీడీ నాది. ఆ షాపులో పనిచేస్తూ నా జీతంతో కొన్నది. మొదట వచ్చినవాటిలో అట్టలు మార్చుకునే వీలుండేది, మనకి నచ్చిన బొమ్మ పైకి పెట్టుకోవచ్చు. నువ్వు ఏది పెట్టావో నాకు తెలీదు. పెళ్ళివాళ్ళ మధ్య బ్యాండువాళ్ళ అట్టబొమ్మలు నిలబెట్టిన ఫోటో ఉంటుంది చూడు, అది పైకి పెట్టి తీసుకురా.

అమ్మ