అవ్వకు టీవీ కొనే ముందు

కావలి,
ఆదివారం.

బంగారూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన టీవీల ఫొటోలు చూశాం. మీ నాయన కూడా చూసి, ధర బాగానే దిగిందే అన్నారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, కాబట్టి 43 అంగుళాలది కొనేద్దాం అని నువ్వు రాసింది సబబే. నీ జీతం డబ్బుతో అవ్వకు టీవీ కొంటానన్నావు చూడు, ఆ మాటకు నాకు కడుపు నిండిపోయింది. కానీ ఆర్డర్ మటుకు ఇప్పుడే పెట్టకు. ఇది ఫోన్లో తేలే సంగతి కాదు, మధ్యలో నీకు మీటింగ్ అంటావు. అందుకే కూర్చుని రాస్తున్నా.

ఆ టీవీ ముందు రోజంతా కూర్చునేది ఎవరో తెలుసు కదా. మీ నాయన పొద్దున పోతే రాత్రికే రావడం. నేను బడికి బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి సాయంత్రం ఐదు. అప్పటిదాకా అవ్వ ఒక్కతే. మధ్యాహ్నం ఎస్వీబీసీలో శ్రీవారి కల్యాణోత్సవం చూస్తేగానీ అన్నం ముట్టదు. తర్వాత సీరియళ్లు, ఆ తర్వాత వార్తలు. ఇవన్నీ ఎవరినీ పిలవకుండా, ఎవరినీ బతిమాలకుండా తనే పెట్టుకుంటోంది. కాళ్లనొప్పులతో గుడికి పోవడం మానేసింది, కళ్లు సరిగా ఆనక పుస్తకం చదవడం మానేసింది. ఇదొక్కటే తన చేతిలో మిగిలింది. కొత్త టీవీ వచ్చి అది కూడా పోగొట్టకూడదు. నేను బళ్లో ఉన్నప్పుడు అవ్వ తన చానల్ తను పెట్టుకోగలిగితే అది మనకు పనికొచ్చే టీవీ. లేకపోతే ఎంత పెద్దదైనా మనకొద్దు.

ఇప్పుడు ఆమె ఎలా పెట్టుకుంటుందో నువ్వెప్పుడైనా దగ్గరగా చూశావా? గోడ స్విచ్ వేస్తుంది. టీవీ, సెట్‌టాప్ బాక్స్ రెండూ లేస్తాయి. రిమోట్‌కు తొడిగిన ప్లాస్టిక్ కవరు మీద పవర్ దగ్గరా, సౌండ్ దగ్గరా ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్కలు పెట్టాను. అంకెలను ఆమె కళ్లతో చూడదు. ఐదో నంబరు మీద చిన్న బొడిపె ఉంటుంది, బొటనవేలితో దాన్ని తడిమి, దాని పైన రెండో నంబరు, కింద ఎనిమిదో నంబరు అని లెక్క కట్టుకుంటూ నొక్కుతుంది. తన చానళ్ల నంబర్లన్నీ నోటికి వచ్చు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక కూడా ఎడమ కన్ను అంతంత మాత్రమే, అయినా ఎప్పుడూ తప్పు నొక్కదు.

నువ్వు పంపిన ఫొటోల్లో రిమోట్లు చూడు. అంకెలే లేవు. మధ్యలో ఒక గుండ్రటి బటన్, కింద సినిమా యాప్‌ల పేర్లతో వరసగా బటన్లు. మన ఎదురింటి పెద్దమ్మకు వాళ్లబ్బాయి అలాంటిదే తెచ్చాడు. ఒక మధ్యాహ్నం ఆమె వేలు పొరపాటున ఆ యాప్ బటన్ మీద పడింది. తెర మీద ఏవో బొమ్మలు, ఇంగ్లీషులో ఏదో ప్రశ్న. వెనక్కి రావడం తెలియక స్విచ్ ఆపి మళ్లీ వేసింది. ఈసారి ఇంకేవో బొమ్మలు. అబ్బాయి ఇంటికి వచ్చేదాకా టీవీ కట్టేసి కూర్చుంది. నేను అడిగితే, 'చూడబుద్ధి కాలేదులే అమ్మా' అంది. అడిగితే విసుక్కుంటారేమోనని పెద్దవాళ్లు అనే మాట అది. మన అవ్వ నోట ఆ మాట నేను వినలేను.

అది టీవీ చెడిపోవడం కాదు, దాని తీరే అంత. మా బళ్లో స్మార్ట్ టీవీ పెట్టినప్పటి నుంచి నాకూ దాని సంగతి కాస్త తెలిసింది. అది తెరున్న కంప్యూటర్. ఆన్ చేయగానే తన సొంత ముఖం, అంటే హోమ్ స్క్రీన్ చూపిస్తుంది. మన సెట్‌టాప్ బాక్స్ దానికి ఒక ఇన్‌పుట్, అంటే బయటి నుంచి బొమ్మ వచ్చే దారుల్లో ఒకటి మాత్రమే, హెచ్‌డీఎంఐ 1 అనో 2 అనో ఎక్కడో ఉంటుంది. మనం వెతికి అక్కడికి పోవాలి. చాలా టీవీల్లో 'ఆన్ చేయగానే చివరిగా చూసిన ఇన్‌పుట్‌కే పో' అనే సెట్టింగ్ ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. మనకు ముందు కావలసింది అదే. షాపులో అడిగితే ప్రతివాడూ ఉంది మేడమ్ అంటాడు. అడగడం కాదు, చేయించి చూడాలి: సెట్‌టాప్ బాక్స్ తగిలించి, చానల్ వస్తుండగా గోడ దగ్గర స్విచ్ ఆపించి, మళ్లీ వేయించి, అది ఎక్కడికి వచ్చి ఆగుతుందో కళ్లారా చూడాలి. మనకు కరెంటు పోయి రావడం మామూలే కదా. కరెంటు వచ్చిన ప్రతిసారీ హోమ్ స్క్రీన్‌లోకి పోయే టీవీ అయితే అవ్వకు దండగ.

అలాగని స్మార్ట్ టీవీయే వద్దనడం లేదు. 43 అంగుళాల్లో స్మార్ట్ కానిది ఇప్పుడు దొరకడమే కష్టం. దాన్ని నెట్‌కు కలపకపోయినా సెట్‌టాప్ బాక్స్‌తో మామూలు టీవీలాగే పనిచేస్తుంది. గూగుల్ వాళ్ల సాఫ్ట్‌వేర్ 'గూగుల్ టీవీ' ఉన్న సెట్లలో మొదటిసారి పెట్టేటప్పుడు 'బేసిక్ టీవీ' అని ఒక దారి కూడా ఉంటుంది. అది ఎంచుకుంటే యాప్‌ల గొడవ తగ్గుతుంది, తర్వాత కావాలంటే నెట్‌కు కలుపుకోవచ్చు. నా ఉద్దేశం, ముందు అలాగే పెడదాం. కొత్త తెరకు అవ్వ అలవాటు పడ్డాక నెట్ ఇద్దాం. అప్పుడు సాయంత్రం నేను పక్కన ఉండి యూట్యూబ్‌లో పాత హరికథలు పెడతాను, నీ ఫొటోలు పెద్దగా చూపిస్తాను. ఆమెకు హరికథ అంటే ప్రాణమని నీకు తెలుసు.

ఇంకో సంగతి, దీన్ని మన కేబుల్ అబ్బాయి చెప్పాడు. కొన్ని సెట్‌టాప్ బాక్సుల రిమోట్లలో నాలుగైదు బటన్లు విడిగా ఒక గడిలో ఉంటాయి. వాటికి టీవీ రిమోట్ పని నేర్పించవచ్చు. రెండు రిమోట్లనూ ఎదురెదురుగా పెట్టి, దీని బటన్ లైటు వెలిగేదాకా నొక్కి, దాని బటన్ నొక్కితే ఇది పట్టుకుంటుంది. అలా టీవీ పవర్, సౌండ్ రెండూ పాత రిమోట్‌లోకే వచ్చేస్తాయి. ఇక కొత్త రిమోట్ బీరువా మీద పెట్టేస్తాను, అవ్వ చేతికి పాతదే. కాకపోతే కొత్త టీవీల రిమోట్లు కొన్ని పూర్తిగా బ్లూటూత్ మీద నడుస్తాయట, వాటి బటన్లు ఇలా నేర్పించడానికి కుదరదు. కాబట్టి మన పాత రిమోట్ షాపుకు తీసుకుపోయి అక్కడే నేర్పించి చూడాలి. ఇది పని చేస్తే నా టెన్షన్ సగం తగ్గినట్టే.

సైజు సంగతి కూడా ఆలోచించు. 43 అంగుళాలన్నది మూల నుంచి మూలకు కొలత. వెడల్పు 38 అంగుళాల దాకా వస్తుంది. హాల్లో షోకేసు గూడు డబ్బా టీవీల కాలంలో కట్టించింది, అందులో పట్టదు. గోడకు బిగించాలి, కానీ మరీ ఎత్తున వద్దు, అవ్వ మెడ పైకెత్తి చూడలేదు. ఆమె కూర్చునేది చెక్క కుర్చీలో, టీవీకి బాగా దగ్గరగా. పైగా మన బాక్స్ పాతది, ఎరుపు, తెలుపు, పసుపు వైర్లది. ఆ బొమ్మను పెద్ద తెర మీద వేస్తే అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. హెచ్‌డీ బాక్స్ మార్చాల్సిందే. అప్పుడు రిమోట్ కూడా మారుతుంది కదా అంటావేమో. అందుకే అంకెలున్న పెద్ద రిమోట్ వచ్చే బాక్స్ చూడమని, చానల్ నంబర్లు మారకుండా చూడమని కేబుల్ అబ్బాయికి గట్టిగా చెప్పాను. పాతదానికి నేర్పిస్తామా, కొత్త బాక్స్ రిమోట్‌కా అన్నది అతను చెప్పేదాన్ని బట్టి చూద్దాం.

మాట స్పష్టంగా వినిపించడం బొమ్మకంటే ముఖ్యం. పలచటి టీవీలకు స్పీకర్లు కిందికో వెనక్కో ఉంటాయి, చెవి మందంగా ఉన్నవాళ్లకు సంగీతం వినిపిస్తుంది, మాట తెలియదు. మాటలను పైకి తెచ్చే సౌండ్ సెట్టింగ్ ఉందేమో షాపులో చూడు. అవ్వను పక్కన కూర్చోబెట్టి వార్తలు పెట్టిస్తే ఇట్టే తెలిసిపోతుంది.

నెట్ నా ఫోన్ హాట్‌స్పాట్‌తో ఇద్దామన్నావు. హెచ్‌డీలో గంట వీడియోకే దాదాపు ఒక జీబీ పోతుంది, నా రోజు డేటా అవ్వ ఒక్క హరికథకు చాలదు. పైగా పగలు ఆ ఫోన్ నాతో బళ్లో ఉంటుంది. సాయంత్రాలకు అవసరం అనుకుంటే వైఫై పెట్టించుకుందాం, ఇప్పుడే తొందర లేదు. టీవీలో మటుకు నీ కార్డు వివరాలు పెట్టకు. ఎవరో ఫోన్ చేసి టీవీ యాక్టివేట్ చేయాలి, డబ్బు కట్టండి అంటే వెంటనే ఫోన్ కట్ చేసేయమని అవ్వకు ఇప్పటికే చెప్పాను.

చవక టీవీల్లో మెమరీ తక్కువ, రెండు మూడేళ్లకే యాప్‌లు నత్తనడక నడుస్తాయి. దానికి ఎక్కువ పెట్టి బాధపడకు. తెర బాగుంటే చాలు, యాప్‌లు మొరాయిస్తే తర్వాత యాప్‌లు నడిపే చిన్న స్టిక్ ఒకటి కొని టీవీ వెనకాల గుచ్చుకోవచ్చు. డబ్బు తెరకూ, సౌండ్‌కూ పెట్టు. సర్వీసు మనిషి నెల్లూరు నుంచి కావలికి వస్తాడో లేదో కూడా కొనే ముందే కనుక్కో.

నువ్వు వచ్చే నెల సెలవులకు వస్తావు కదా, అప్పుడు ట్రంక్ రోడ్డులో షాపులకు పోదాం. అవ్వను కూడా ఆటోలో తీసుకుపోదాం, రిమోట్ ఆమె చేతికే ఇచ్చి మనం పక్కన నిలబడదాం. ఆన్‌లైన్‌లో వెయ్యో రెండువేలో తగ్గినా నాకు షాపే మేలు. ఈలోగా నీకు నచ్చిన మోడళ్లలో ఆ 'చివరి ఇన్‌పుట్' సెట్టింగ్ దేనికుందో చూసి రాసి ఉంచు. నేను హెచ్‌డీ బాక్స్ సంగతి తేల్చి ఉంచుతాను.

వేళకు తిను.

అమ్మ