బంకమన్నులో కట్టిన మీథేన్

తిరుపతి

ఒరే శీనా,

నీ జాబు అందింది. సముద్రం అడుగు నుంచి తీసిన కోర్‌లో (మట్టి కడ్డీలో) నీళ్ల క్లోరైడ్ 440 మిల్లీమోలార్‌కి పడింది కాబట్టి, ఆ మన్ను సందుల్లో 22 శాతం హైడ్రేట్, అంటే మీథేన్‌ను బంధించిన మంచులాంటి పదార్థం, ఖాయమని రాసినావు. ఆగబ్బా! ఆ కోర్ బంకమన్నుది. ఇసుక లెక్క దానికేస్తే తప్పొస్తాది.

స్వర్ణముఖి ఇసుకను గుప్పెట్లో పడితే నీళ్లు వేళ్ల సందుల్లోంచి జారిపోతాయి. పలమనేరు కుమ్మరోళ్లు తొక్కే మన్నును ఎంత పిసికినా చుక్క రాలదు. సముద్రం అడుగునా అంతే. 46 నీటి అణువులు 8 గూళ్లుగా అల్లుకుంటేనే మీథేన్ లోపల కుదురుకుంటాది. స్మెక్టైట్ అనే ఉబ్బే బంకమన్ను జాతిలోని మాంట్‌మొరిల్లోనైట్ రేకుల మధ్య నీళ్లేమో సోడియం అయాన్లకు, రేకుల ఋణావేశానికి అతుక్కుని ఉంటాయి. ఇంక గూళ్లు అల్లేదెట్లా? పైగా సందు సన్నబడేకొద్దీ ఇంకా చలి, ఇంకా పీడనం కావాల. అందుకే హైడ్రేట్ మన్నును పక్కకు నెట్టి, చీలికల్లో నరాల మాదిరి, ముద్దల మాదిరి పెరుగుతాది. 2006లో కృష్ణా-గోదావరి బేసిన్‌లో 10వ సైట్‌లో దొరికిన సుమారు 130 మీటర్ల మందం పొర అట్లాంటిదే. మన సొంత తీరంలోది, అందుకే నాకింత పట్టుదల.

ఇప్పుడు నీ లెక్క. హైడ్రేట్ కట్టేటప్పుడు ఉప్పును బయటికి తోస్తాది. కోర్ పైకొచ్చి కరిగితే మంచినీళ్లు కలిసి క్లోరైడ్ పడిపోతాది. 440ని మామూలు సముద్రపు నీళ్ల అంకె 550తో భాగించి, ఒకటిలోంచి తీసి, హైడ్రేట్ సాంద్రత 0.9తో భాగించినావు. సూత్రం సరే, ఆ 550 దగ్గరే అనుమానం. లోతున 60 డిగ్రీలు దాటినచోట స్మెక్టైట్ ఇల్లైట్ అనే ఉబ్బని బంకమన్నుగా మారేటప్పుడు రేకుల నీళ్లు ఊడి చీలికల వెంట పైకొస్తాయి. అవీ క్లోరైడ్‌ను పలచన చేస్తాయి. రెండు నీళ్లలోనూ బరువైన ఆక్సిజన్, అంటే ఆక్సిజన్-18, పెరుగుతాది, దాంతో తేలదు. డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) చూడు: హైడ్రేట్ నీళ్లలో పెరుగుతాది, మన్ను వదిలిన నీళ్లలో తగ్గుతాది.

వచ్చే తడవ కోర్ డెక్ మీదికి రాగానే ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో చల్లటి మచ్చలు గుర్తుపెట్టు. హైడ్రేట్ కరిగేటప్పుడు వేడి లాక్కుంటాది కదా. మచ్చ మీద ఒక నమూనా, దానికి పైనా కిందా మచ్చ లేనిచోట ఒక్కొక్కటి తియ్యి. అక్కడా క్లోరైడ్ తక్కువుంటే ఆ అంకెనే 550 బదులు పెట్టుకో. నమూనాలోంచి నీళ్లు పిండే ప్రెస్ మాత్రం మరీ బిగించొద్దు, రేకుల నీళ్లు దిగితే మొత్తం చెడిపోతాది.

గ్యాస్ తీసేది ఇంకా కష్టం. పీడనం తగ్గిస్తే ఒక ఘనమీటరు హైడ్రేట్ సుమారు 164 ఘనమీటర్ల గ్యాస్, 0.8 ఘనమీటరు మంచినీళ్లు వదులుతాది. ఉప్పునీళ్లలో ముడుచుకున్న స్మెక్టైట్ ఆ మంచినీళ్లకు ఉబ్బి దారులు మూస్తాది. కయోలినైట్ అనే ఇంకో బంకమన్ను పెద్దగా ఉబ్బదు గానీ నలుసులుగా కొట్టుకొచ్చి అడ్డం పడతాది.

కాబట్టి ముందు నీ మన్నేదో తేల్చు. 2 మైక్రాన్ల లోపు భాగం వేరుచేసి రేకుల మధ్య దూరం కొలిచే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ మూడుసార్లు తియ్యి: ఆరబెట్టి, ఇథిలీన్ గ్లైకాల్ పట్టించి, 550 డిగ్రీల్లో కాల్చి. గ్రాఫులో శిఖరం గ్లైకాల్‌కు 17 ఆంగ్‌స్ట్రామ్‌లకు జరిగితే స్మెక్టైట్, 10 దగ్గరే కదలకుంటే ఇల్లైట్, కాల్చినాక 7 దగ్గరది మాయమైతే కయోలినైట్. ఆ మూడు గ్రాఫులూ పంపు, కలిసి చూద్దాం.

నీ
రమణ