బోడకాకర దుంపలు పంపిస్తున్నా

చిన్నీ,

పిన్నివాళ్లు బెంగళూరు వస్తున్నారు కదా, వాళ్ల చేత బోడకాకర దుంపలు పంపిస్తున్నా. ఎర్రదారం కట్టినవి ఆడవి, తెల్లదారం కట్టింది మగది. నాటాక కుండీలకి ఆ దారాలే కట్టు, లేకపోతే పూత వచ్చేదాకా ఏది ఏదో ఎవరికీ తెలీదు. బీరకీ సొరకీ అయితే ఒకే తీగకి రెండు రకాల పూలూ వస్తాయి, దీనికి మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. గింజలు వేసుకుంటాలే అంటావేమో, అవి మొలవడమే కష్టం, మొలిచినా దాదాపు సగం మగవే వస్తాయి. దుంపతో ఆ గొడవ లేదు, ఆడ తీగ దుంపకి ఆడ తీగే వస్తుంది.

మగ తీగ ఒక్క కాయ కూడా ఇవ్వదు. నాన్న ఏటా "ఇది ఊరికే పందిరంతా అల్లేస్తోంది, పీకేద్దామా" అంటూనే ఉంటారు. నువ్వు మాత్రం ఆ పని చెయ్యకు, అది లేకపోతే ఆడ తీగకి వచ్చిన పిందెలన్నీ పసుపుపచ్చబడి రాలిపోతాయి.

పెద్ద కుండీలే తీసుకో, ఎర్రమట్టిలో ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, దుంపని రెండు మూడు అంగుళాల లోతున పెడితే చాలు. తీగ పాకడానికి గ్రిల్‌కి వల కట్టు.

అసలు పని పూత వచ్చాక ఉంటుంది. మన చిన్నకాయ రకానికి పూలు చీకటి పడే వేళకి విచ్చుకుంటాయి, రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులు పుప్పొడి మోస్తాయి. మీ ఆరో అంతస్తు బాల్కనీ దాకా అవి వస్తాయన్న నమ్మకం నాకైతే లేదు. అందుకే ఆఫీసు నుంచి వచ్చాక ఒక మగ పువ్వు కోసి, రేకులు తుంచేసి, పుప్పొడి ఉన్న మధ్యభాగాన్ని ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రాయి. పువ్వు కింద ముళ్లతో బుల్లికాయ కనిపిస్తే అది ఆడది. రెండు మూడు వారాల్లో కాయ కోతకి వస్తుంది, పచ్చగా ఉండగానే కోసెయ్యి, పండితే నారింజ రంగుకి తిరిగి లోపల గింజలు గట్టిపడతాయి.

చలికాలంలో తీగ మొత్తం ఎండిపోతుంది, చచ్చిపోయిందని టెన్షన్ పడి నాకు ఫోన్ చెయ్యకు, కుండీ ఖాళీ చెయ్యకు. లోపల దుంప బతికే ఉంటుంది. అప్పుడు నీళ్లు బాగా తగ్గించు, లేకపోతే కుళ్లుతుంది. వానలు మొదలయ్యేసరికి అదే మొలకేస్తుంది.

ఇక్కడ సీజన్ మొదట్లో మెహదీపట్నం రైతు బజార్లో కూడా దీని ధర అడగాలంటే భయం, చికెన్‌తో పోటీ పడుతుంది. కాబట్టి కాసిన నాలుగు కాయలూ పాడు చెయ్యకుండా వండు. ముళ్లు చెక్కెయ్యకు, రుచంతా అక్కడే ఉంటుంది, బాగా కడిగి సన్నగా చక్రాల్లా తరుగు. ముదురు గింజలు తీసెయ్యి, లేతవి ఉంచు. ఉడకబెట్టకుండా, నీళ్లు చల్లకుండా, నూనెలో సన్న మంట మీద మూత లేకుండా వేయించు, అంచులు కరకరలాడాక ఎండుకొబ్బరి, జీలకర్ర వేసి దంచిన వెల్లుల్లి కారం చల్లి దించెయ్యి. కారం ముందే వేస్తే మాడి చేదెక్కుతుంది. అల్లుడుగారు కాకర పేరు వింటేనే పళ్లెం జరిపేస్తారు కదా, ఇది చేదుండదని ముందే చెప్పి ఒప్పించాలని చూడకు, ఊరికే వడ్డించు, తిన్నాక పేరు చెప్పు.

అమ్మ