పిక్నిక్ శాండ్‌విచ్‌ల లెక్క
అందరికీ నమస్కారం. పిల్లల పిక్నిక్‌కి శాండ్‌విచ్‌లు ఇంట్లోనే చేద్దామన్నాం కదా, లెక్క చూశాను. బ్రెడ్ ప్యాకెట్ 50 రూపాయలు, 16 ముక్కలు. చివరి అట్టముక్కలు రెండూ పిల్లలు ముట్టరు కాబట్టి ప్యాకెట్‌కి ఏడే వస్తాయి. అంటే బ్రెడ్‌కే ఒక్కోదానికి 7 రూపాయల చిల్లర. వెన్న 100 గ్రాములు 60, పది గ్రాములు రాస్తే 6. కీరా, టమాటా, ఉడికించిన బంగాళాదుంప కలిపి 5, కొత్తిమీర పచ్చడి 2. మొత్తం 20 అనుకోండి. టోస్టర్ కరెంటు రూపాయి కూడా కాదు, వదిలేద్దాం. అసలు దెబ్బ చీజ్ దగ్గరే! పది స్లైసులు 150. అది వేస్తే ఒక్కోటి 35 అవుతుంది. నా ఓటు చీజ్ లేకుండానే. పిల్లలు 28 మంది, నాలుగు ప్యాకెట్ల బ్రెడ్ సరిపోతుంది. చీజ్ కావాలో వద్దో రేపు సాయంత్రంలోగా చెప్పండి, శనివారం సరుకులు తెచ్చేస్తాను. కూరలు తరగడానికి ఇద్దరు రావాలి, ఆ కూలి లెక్కలో వేయలేదండోయ్!